అలల చెక్క

మెల్లగా దించమ్మా ఆ గిటార్ని. మెడ పట్టుకుని కాదు, కింద చెయ్యి పెట్టి. ఆఁ, అలాగ. తీగలు లేవేంటని చూస్తున్నావా? మా అక్క తీసేసింది. ఎందుకా, చెప్తాలే, ముందు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వీపు ఇటు తిప్పు. ఇప్పుడు కాస్త వంచు. కదులుతున్నాయా లేదా అలలు? చేత్తో తడిమితే ఏమీ తగలదు, గాజు పలకలా ఉంటుంది. మీ నాన్న చిన్నప్పుడు అది రంగేమో అనుకుని గోరుతో గీకబోయాడు, వీపు మీద ఒక్కటిచ్చాను. రంగు కాదే, చెట్టే అలా పెరిగింది. మామూలుగా చెక్కలో నార నిటారుగా పోతుంది. ఎక్కడో ఒక చెట్టుకి ఏం రోగమో ఏమో, వంకర్లు తిరుగుతూ పోతుంది. గొడ్డలికి సరిగ్గా చీలదు, చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి, వడ్రంగులు తిట్టుకుంటారు. కానీ ఓపిగ్గా నునుపు చేస్తే ఇదిగో, ఇలా. నలభై ఏళ్ళు కోతమిల్లులో రంపం దగ్గర నిలబడ్డాను కదా, మూడంటే మూడుసార్లు చూశాను ఇలాంటిది.

చేసింది మా బావ. అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. మొదట్లో అందరిలాగే తలుపులూ కిటికీలూ చేసేవాడు. ఎవరో పగిలిన గిటార్ ఒకటి తెచ్చి బాగుచెయ్యమన్నారు. దాని పొట్ట విప్పి చూశాడు, అంతే, మళ్ళీ తలుపు ముట్టుకోలేదు. మా అక్క అనేది, "తలుపులు చేసినన్నాళ్ళూ మనిషేరా, ఇప్పుడు పలకరిస్తే ఉలిక్కిపడుతున్నాడు" అని. ఏ చెక్క కనబడినా చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టడమే. మా ఇంటికొస్తే మా వీధి తలుపు తట్టి, "బావమరిదీ, దీనికి జలుబు చేసిందయ్యా" అనేవాడు. నవ్వొస్తోందా? నవ్వేవాళ్ళమే అప్పుడు. మిల్లులో మంచి చెక్క పడిందంటే నేను పరిగెత్తుకెళ్ళి చెప్పేవాణ్ణి. పదిహేనేళ్ళు అదే అలవాటు.

వాళ్ళకి ఒక్కడే కొడుకు. పొడుగోడు అనేవాళ్ళం, గుమ్మం దాటాలంటే తల వంచేవాడు. రిపేరుకొచ్చిన గిటార్లన్నీ వాయించి, తండ్రి చూసేలోపు చొక్కా చేత్తో తుడిచి పెట్టేసేవాడు. వాడికి పన్నెండేళ్ళప్పుడు మొదలెట్టాడు, "నాన్నా, నాదెప్పుడు?" అని. "ఈ ఒక్కటీ అవనీరా, తర్వాత నీదే." ఆ ఒక్కటీ అయ్యేది, ఇంకొకటి వచ్చేది. వాడికి ఇరవై రెండేళ్ళు వచ్చాయి. కోపం తెచ్చుకునేవాడు కాదు, అది చెప్పుకోవాలి. అన్నం దగ్గర వాళ్ళమ్మ రెండోసారి వడ్డించబోతే, "నాన్నకి వెయ్యమ్మా, తర్వాత నాదే" అని కన్ను గీటేవాడు. తండ్రి పనిలో కూర్చునే ఓపిక వాడికి లేదు. చెట్లు కొట్టే జట్టులో చేరాడు. వాడు కొట్టినవే మా మిల్లుకొచ్చేవి.

ఏం చెప్తున్నాను... ఆఁ, రోడ్డు వెడల్పు చేస్తున్నారని పెద్ద చెట్టొకటి కొడుతున్నారు. అటు పడాలని అటువైపు గాటు పెట్టారు, తాడు కట్టారు, అన్నీ సరిగ్గానే చేశారు. పడేటప్పుడు అది మెలితిరిగి ఇటొచ్చింది, పొడుగోడు నిలబడ్డ వైపు. వాళ్ళ జట్టు మేస్త్రి మిల్లుకొచ్చి ముందు నాకు చెప్పాడు. చేత్తో చూపిస్తున్నాడు, "ఇలా తిరిగిందన్నా, లోపల నార మెలిపడి ఉన్నట్టుంది, ఇలా తిరిగింది" అని. ఆ కబురు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది నేనే. అది అడక్కు.

పన్నెండు రోజులకి దుంగ మిల్లుకొచ్చింది. గాటు దగ్గర మెలితిరిగిన నార చూడగానే గుర్తుపట్టాను, ఆ చెట్టే. నేను కొయ్యనన్నాను. ఓనరు, "నువ్వు కొయ్యకపోతే ఇంకొకడు కోస్తాడు, వాడు పాడుచేస్తాడు" అన్నాడు. కోశాను. మొదటి పలక ఊడి పడింది, తిప్పాను, తడి మీద ఎండ పడింది. అలలు. ఈ చివర్నించి ఆ చివరిదాకా. నువ్వు నమ్మవు, ఆ క్షణాన పొడుగోడు నాకు గుర్తులేడు. కాళ్ళు వాటంతటవే నడిచాయి. మా బావ గుమ్మంలోకి వెళ్ళి, "బావా, అలల చెక్క పడింది!" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఆయన ముందు చెక్క అన్న మాట విన్నాడు, తర్వాత నా మొహం చూశాడు. ఏ చెట్టో నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కటే అడిగాడు, "తడి బాగా ఉందా?" అని.

సన్నగా పలకలు కోసిచ్చాను. వెనకగదిలో పొడుగోడి మంచం ఉండేచోట, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చాడు ఆరడానికి. ఇంట్లో చెక్క ఉండటం కొత్త కాదు కదా, అక్క పట్టించుకోలేదు. రోజూ ఆ పక్కనుంచే వెళ్ళేది. ఒకరోజు కూరగాయల కొట్లో మేస్త్రి భార్య అక్క దగ్గర నోరు జారింది, ఆ చెట్టు చెక్క మీ ఇంటికే వచ్చిందటగా అని. అక్క తిరిగొచ్చేసరికి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను, బావ పక్కన బల్ల మీద. అక్క సంచీ కింద పెట్టలేదు, చెప్పులు విప్పలేదు. "ఆ గదిలో ఉన్నది ఏ చెట్టు?" బావ చేతిలో ఉలి కింద పెట్టాడు. "ఎవరైనా తెచ్చి పడేశారా, నీ అంతట నువ్వే వెళ్ళి ఏరుకున్నావా? అది చెప్పు చాలు." నేను చెప్పాలి. మాట గొంతుదాకా వచ్చింది కూడా. బావ నావైపు చూడనైనా చూడలేదు. "నేనే వెళ్ళాను" అన్నాడు. అక్క ఆ సంచీతోనే మా ఇంటికొచ్చేసింది.

ఏడాదిన్నర ఆరింది చెక్క. తర్వాత మొదలెట్టాడు. నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. అక్క కూర గిన్నె నా చేతిలో పెట్టి, "ఎక్కువైంది, ఎక్కడైనా ఇచ్చెయ్" అనేది. ఎక్కడో ఇద్దరికీ తెలుసు. ఈ నడుము వంపు చూశావా, చెక్కని నీళ్ళలో నానబెట్టి, కాలుతున్న ఇనప గొట్టానికి ఆనించి కొంచెం కొంచెంగా వంచుతారు. మామూలు చెక్కైతే మాట వింటుంది. ఇది వినదు, నార వంకర కదా. నేనుండగానే టప్పుమంది. ఇక్కడ గోరు పెట్టు, సన్నగీత తగులుతుంది, అదే. ఇంకో పలక లేదు. తిడతాడేమో అనుకున్నాను. ఆ చీలిక మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు, దెబ్బ తగిలిన పిల్లాణ్ణి పట్టుకున్నట్టు. తర్వాత జిగురు పెట్టి, లోపల్నించి పట్టీ వేసి, మళ్ళీ గొట్టం దగ్గరికెళ్ళాడు. ఎనిమిది నెలలు పట్టింది. వేళ్ళ చివర్లు కాలి నల్లబడిపోయాయి.

తీసుకుని మా ఇంటికొచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అక్క బట్టలు మడతపెడుతోంది. ఆయన మంచం మీద పెట్టి, పక్కన నిలబడ్డాడు. వాయించడం ఆయనకి రాదు, శ్రుతి చెయ్యడం వచ్చంతే. అక్క చూసింది. "ఇప్పుడా?" అంది. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు.

గోడకి తగిలించాం. నేను దగ్గినా, గట్టిగా పిలిచినా, అది సన్నగా మూలిగేది. మంచి గిటార్ అలాగే పలుకుతుంది, అది దాని గుణం. అక్క తట్టుకోలేకపోయింది. ఒకరోజు కుర్చీ ఎక్కి తీగలన్నీ విప్పి చుట్టచుట్టి ఎక్కడో పడేసింది.

బావ ఇంకో రెండేళ్ళున్నాడు. ఒక్క గిటార్ చెయ్యలేదు. పొద్దున్నే పక్కింటాయన చూశాడు, బల్ల మీద తలవాల్చి ఉన్నాడట. ఉలులన్నీ నూనె రాసి వరసగా పెట్టి ఉన్నాయి. అక్క వచ్చింది. ఏడవలేదు. జనం వెళ్ళాక చీపురు తీసుకుని ఆ గదంతా ఊడ్చింది. తిరిగొచ్చేటప్పుడు నేనూ ఆవిడా నడుస్తున్నాం, ఉన్నట్టుండి ఆగింది. "ఏం మనిషిరా. కొడుకుని మింగిన చెట్టుని తనంతట తను వెతుక్కుంటూ పోయాడంటే, ఏం గుండెరా అది? అసలు అది మిల్లుకొచ్చిందని ఆయనకెవరు చెప్పారో, నీకేమైనా తెలుసా?"

"ఏమోనక్కా" అన్నాను.

ఇంకో పదకొండేళ్ళు ఉంది మా ఇంట్లో. రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసేది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. ఏమోనక్కా అన్నాను, అంతే...

ఏంటలా చూస్తావు? పెట్టెయ్, లోపల పెట్టెయ్ దాన్ని. మీ నాన్న వచ్చే టైమైంది, వెళ్ళి గేటు గడియ తియ్యి.