ఆరంగుళాల లోపు

విమానాశ్రయంలో చేతిసామాను తనిఖీ చేసే చోట కదిలే పట్టీ మీద ఒక తోలు సంచీ ఆగిపోయింది. సంచీకి ఇవతల తాళాలు బాగుచేసే ఆయన, ఆయన్ని అంటిపెట్టుకుని బావమరిది. అవతల యూనిఫాంలో తనిఖీ ఆవిడ.

"అది కాదు సర్, సంచీ ఎవరిది అని అడుగుతున్నాను."

"నాదేనమ్మా."

"ఇందులో ఏముంది?"

"పని సామాను."

"పని సామాను అంటే?"

"పని చేసుకునే సామాను."

"మేడమ్, మా బావ మాట అలాగే ఉంటుంది, నేను చెప్తాను. తాళాలు బాగుచేస్తాడు. మా వైపు ఎవరింటికి తాళం పడిపోయినా ముందు మా బావకే ఫోను..."

"మిమ్మల్ని అడగలేదు సర్. మీ ట్రే వేరే ఉంది. మీ తలనూనె సీసా సంగతి తర్వాత చూద్దాం."

"నా సీసాకేం వచ్చింది?"

"నూరు మిల్లీలీటర్లు దాటింది."

"అందులో ఉన్నది అడుగున రెండు చెంచాలు మేడమ్!"

"సీసా సైజే లెక్క సర్, నూనె కాదు."

"ఇదెక్కడి లెక్క! పస్తున్నవాడి పొట్ట చూసి, ఇంత పొట్ట ఉంది కాబట్టి నువ్వు భోంచేసినట్టే అన్నట్టుంది."

"ఒరేయ్, ఊరుకో."

"సంచీ తెరవండి సర్. ఒక్కొక్కటీ తీసి ఈ ట్రేలో పెట్టండి."

"నేనే పెట్టాలా?"

"మీరే."

"మంచిదే. మీరు ముట్టుకోకపోతే అదే చాలు."

"ఏంటి?"

"ఏం లేదమ్మా. ఇది పెద్ద స్క్రూడ్రైవర్. ఇది చిన్నది. పట్టకారు. ఆకురాయి. చిన్న సుత్తి. ఇవి పుల్లలు."

"ఏం పుల్లలు?"

"ఇనప పుల్లలు. తాళం కన్నంలో పెట్టి తిప్పేవి."

"అంటే తాళంచెవి లేకుండా తాళం తియ్యడానికా?"

"ఆఁ."

"ఇవన్నీ చేతిలో పట్టుకుని విమానం ఎక్కుదామనే వచ్చారా?"

"ఆఁ."

"బయట కౌంటర్లో పెద్ద సామానుతో పాటు వెయ్యమని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు."

"ఎవరు?"

"నేనే చెప్పాను మేడమ్! ఇంటి దగ్గర చెప్పాను, టాక్సీలో చెప్పాను, ఆ కౌంటర్ ముందు కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. సూట్‌కేసు వేశాడు. ఇది మాత్రం చంకలోంచి దించలేదు."

"ఎందుకు వెయ్యలేదు సర్?"

"సంచీ చేతిలోంచి వదలకూడదమ్మా."

"ఎవరన్నారు?"

"నాకు పని నేర్పినాయన. ఇది పక్కవాడి చేతికి వెళ్తే ఇంక ఊళ్ళో ఏ తలుపూ తలుపు కాదురా అనేవాడు. భోంచేసేటప్పుడు కూడా రెండు కాళ్ళ మధ్య పెట్టుకుంటాను. ముప్పై ఒక్క ఏళ్ళు."

"బాగానే ఉంది. ఇప్పుడేమో కౌంటర్ మూసేశారు."

"ఆఁ."

"ఆఁ అంటే కాదు సర్. ఇంకో ఇరవై నిమిషాల్లో మీ విమానం ఎక్కిస్తారు. ఇవి లోపలికి రావు. పనిముట్టు ఏదైనా సరే ఆరంగుళాలు దాటకూడదు, మొన ఉండకూడదు. సుత్తి అయితే అసలు మాటే లేదు. మీరు రేపటి విమానానికి మార్చుకుని, సంచీని కౌంటర్లో వేసుకుని హాయిగా వెళ్ళండి."

"రేపు పనికిరాదమ్మా."

"ఎందుకు?"

"రేపు పొద్దున తాళం పగలగొడతారు."

"ఎవరు?"

"ఇంటి ఓనరు."

"ఎవరి తాళం?"

"మా అమ్మాయిది. మేం వెళ్ళే ఊళ్ళో రెండో అంతస్తులో గది తీసుకుని ఉండేది. గదిలోకి వేరేవాళ్ళు వస్తున్నారట. ఇవాళ సాయంత్రం లోగా నేను వెళ్ళి తీస్తే సరే, లేకపోతే రేపు పొద్దున మనిషిని పెట్టి కొట్టించేస్తామన్నారు."

"మీ అమ్మాయి దగ్గర తాళంచెవి లేదా?"

"పోయింది."

"పోయింది కాదు మేడమ్, పోగొట్టారు. ఆస్పత్రి వాళ్ళు! వాచీ, తల క్లిప్పు, ఫోను అన్నీ ఒక కవర్లో పెట్టి బావ చేతికిచ్చారు. అందులో తాళంచెవి లేదన్నాడు బావ. వెంటనే కిందకి దిగి రెండు గంటలు పోట్లాడాను. ఆ కౌంటర్లో పిల్ల ఏడ్చేసింది కూడా."

"ఒరేయ్, అవన్నీ ఇప్పుడెందుకు?"

"ఎందుకేంటి బావా, వాళ్ళు సరిగ్గా ఇచ్చి ఉంటే మనకీ తిప్పలు ఉండేవా?"

"ఆస్పత్రిలో ఉందా సర్ మీ అమ్మాయి? ఇప్పుడెలా ఉంది?"

"చిన్న స్క్రూడ్రైవర్ కూడా రాదా అమ్మా?"

"కొలవాలి. సర్, నన్ను తప్పుగా అనుకోకండి. ఇది తాళాలు తీసే సామాను. మీ అమ్మాయి గదికే వెళ్తున్నారని నాకెలా తెలుస్తుంది? నేను ఇక్కడ రాసుకోవాలి. ఒక్కసారి తనకి ఫోన్ చెయ్యండి, రెండు ముక్కలు మాట్లాడతాను, అయిపోతుంది."

"ఎత్తదు."

"చేసి చూడండి."

"ఎత్తదమ్మా."

"అలిగిందా మీ మీద?"

"అలగడమా, నా మీదా? మాకు ఎప్పుడూ మాటామాటా రాలేదు. తలుపు దగ్గర తప్ప."

"తలుపు దగ్గరేంటి?"

"నేను వెళ్తే తలుపు తియ్యదు."

"అదేంటి, కన్నతండ్రి వస్తే తలుపు తియ్యదా?"

"తియ్యదు. లోపలినుంచి తాళం వేసుకుని, తలుపుకి ఆనించి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చేతనైతే నువ్వే తీసుకుని రా నాన్నా అంటుంది. ఉద్యోగం వేరేదైనా పని నా దగ్గరే నేర్చుకుంది. నేను వచ్చి వెళ్ళాక ఆ తాళం విప్పి లోపల ఏదో ఒకటి మార్చేస్తుంది. మళ్ళీసారి నావల్ల కాకూడదని."

"భలే పిల్లే!"

"నేను గుమ్మం ముందు గొంతుక్కూర్చుని పుల్లలు తిప్పుతుంటే అవతలినుంచి కబుర్లు చెప్తుంది. ఆఫీసులో ఎవరు ఎవర్ని ఏమన్నారో, కూరలో ఉప్పు రెండుసార్లు వేసిన సంగతి, అన్నీ. మధ్యలో వెక్కిరిస్తుంది. ఏం నాన్నా, చెయ్యి వణుకుతోందా, రేపు వస్తావా అని."

"ఇద్దరికీ ఒకటే పిచ్చి మేడమ్. ఒకసారి నేనూ వెళ్ళాను కర్మ కాలి. గంటసేపు మెట్ల మీద నిలబెట్టారు నన్ను. దాహం వేస్తోందే తల్లీ అంటే కిటికీలోంచి గ్లాసు అందించింది గానీ తలుపు తియ్యలేదు!"

"ఎంతసేపు పడుతుంది మీకు?"

"మొదట్లో పావుగంట. పోయినసారి గంటా పది నిమిషాలు. అది ఫోన్లో టైమ్ పెట్టుకుంటుంది."

"మా అమ్మాయి కూడా ఉంది, నేను తలుపు కొడితే చెవుల్లో పాటలు పెట్టుకుంటుంది. మీరు అదృష్టవంతులు సర్. సరే, తలుపు తియ్యకపోతే పోయింది, ఫోన్ ఎత్తడానికేం? నేను అడిగానని చెప్పండి."

"ఆ ఫోను నా సూట్‌కేసులో ఉందమ్మా."

"మీ ఫోన్ కాదు సర్, తన ఫోన్."

"అదే."

"మేడమ్, ఇంక ఆపండి. మా మేనకోడలు చనిపోయింది."

"ఎప్పుడు సర్?"

"పద్దెనిమిది రోజులైంది. జ్వరమని తనే తాళం వేసుకుని, తనే టాక్సీ పిలుచుకుని ఆస్పత్రికి వెళ్ళింది. సాయంత్రానికి వచ్చేస్తానని పక్కింటావిడతో చెప్పిందట. నాలుగో రోజుకి... అంతే మేడమ్. ఇరవై ఆరేళ్ళు."

"ఒరేయ్, ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనీ."

"నువ్వు ఏడవ్వు, నన్ను ఏడవనివ్వవు. ఇదేం మనిషివి బావా నువ్వు!"

"ఏడువు, ఎవరు వద్దన్నారు. కాస్త పక్కకి జరిగి ఏడువు, వెనక జనం ఉన్నారు."

"సర్... నాకు తెలియదు. నేను ఏదేదో అడిగేశాను."

"మీకెలా తెలుస్తుంది? పర్వాలేదు. ఇవి కొలవండి."

"మీరు కాసేపు కూర్చుంటారా? కుర్చీ తెప్పిస్తాను."

"వద్దమ్మా. నాకేం కావడం లేదు. మూడు వారాల నుంచీ ఏమీ కావడం లేదు. కొలవండి."

"ఇదిగో స్కేలు. అంకుల్, ఏవి లేకపోతే పని అసలు జరగదో అవి ముందు చెప్పండి."

"ఈ వంపు కమ్మీ."

"నాలుగున్నర. సరే."

"ఈ పుల్ల."

"ఐదు. మొన ఉందేమో?"

"మొన లేదు, కొస గుండ్రంగా అరగదీశాను. వేలు పెట్టి చూడండి."

"ముట్టుకోవద్దన్నారుగా ఇందాక."

"ముట్టుకోండి. ఇప్పుడేముంది."

"గుండ్రంగానే ఉంది. సరే, ఇది కూడా. ఆకురాయి ఏడున్నర."

"వద్దు లెండి."

"పెద్ద స్క్రూడ్రైవర్ తొమ్మిది."

"తెలుసు."

"చిన్నది ఆరుంపావు. పావంగుళం, అంకుల్. నేను చూడనట్టు..."

"వద్దమ్మా. మీ ఉద్యోగం మీది. ఈ రెండూ చాలు."

"ఈ రెండింటితో తాళం వస్తుందా?"

"వస్తుంది. టైమ్ పడుతుంది."

"ఎంత?"

"రెండు గంటలు. ఇంకా ఎక్కువే పట్టచ్చు."

"అన్నీ ఉంటే?"

"గంటా పావు."

"అయ్యో. అంతసేపు ఆ గుమ్మం ముందు కూర్చోవాలా?"

"అలవాటే."

"మిగతావి... రూలు ప్రకారం ఆ డబ్బాలో వెయ్యాలి అంకుల్."

"వెయ్యండి."

"బావా! ఆ స్క్రూడ్రైవర్ పిడి నువ్వు చేత్తో చెక్కుకున్నది. నీ పెళ్ళికి ముందుది!"

"మళ్ళీ చెక్కుకుంటాను."

"ఇందాక ఆ కౌంటర్లో ఇవ్వమంటే ప్రాణం తీస్తున్నట్టు చూశావు. ఇప్పుడు చెత్తడబ్బాలో వెయ్యండి అంటావేంటి?"

"ఇందాక ఇస్తే ఈ రెండూ కూడా వాటితోనే పోయేవి. దారిలో సంచీ రాకపోతే?"

"రాకపోతే ఏముంది, అక్కడ దొరకవా?"

"దొరకవు. ఈ పుల్లల చప్పుడు దానికి తెలుసు."

"ఏంటి?"

"ఏం లేదు. పద."

"అంకుల్, డబ్బాలో వెయ్యను. చీటీ రాసిస్తాను. మూడు రోజులు నా బల్ల కింద ఉంచచ్చు. తిరిగొచ్చేటప్పుడు ఈ చీటీ చూపించి తీసుకోండి. నేను లేకపోయినా ఇస్తారు."

"మంచిదమ్మా. సంచీతో పాటు పెట్టండి. మూత గట్టిగా వెయ్యకండి, పట్టీ తెగిపోయేలా ఉంది."

"నా నూనె సీసా కూడా అందులోనే పెట్టేద్దురూ మేడమ్."

"అది డబ్బాలోకే సర్. మీరు ఇటునుంచి రండి. ఆఁ, మీరు అయిపోయింది, చెప్పులు వేసుకోండి. అంకుల్, ఇప్పుడు మీరు. ఈ గేటులోంచి రండి."

"వస్తున్నా."

"కూత పెట్టింది. బెల్టు తీశారా?"

"తీశాను."

"వాచీ?"

"ట్రేలో ఉంది."

"వెనక్కి వెళ్ళి మళ్ళీ రండి. నిదానంగా."

"మళ్ళీ కూసిందే. బావా, జేబుల్లో ఏదైనా ఉంచుకున్నావా?"

"లేదు."

"ఉంది అంకుల్. చొక్కాకి ఎడమవైపు, లోపల జేబు దగ్గర ఎర్ర లైటు చూపిస్తోంది. ఏముంది అక్కడ?"

"చిల్లర."

"తీసి చూపించండి."

"చిన్నదేనమ్మా."

"చిన్నదైనా చూపించాలి. నేను ముట్టుకోను, మీరే తియ్యండి."

"చూడకపోతే పోనివ్వరా?"

"పోనివ్వలేను అంకుల్."

"ఇదిగో. ఆరంగుళాల లోపేనమ్మా."

"తాళంచెవేనా! దీనికి ఇంత భయపడ్డారెందుకు, నిక్షేపంగా తీసుకెళ్ళచ్చు. రింగుకి ఈ గుండీ ఏంటి, ఎర్రది?"

"గుర్తుకి."

"ఎర్ర గుండీనా మేడమ్? ఏదీ?"

"ఒరేయ్, చెప్పులు వేసుకున్నావుగా, పద. పిలుస్తున్నారు."

"ఉండు బావా. ఆ గుండీ నా కోటుది. తాళంచెవి కనపడ్డం లేదు మావయ్యా అని ఊరికే వెతుక్కుంటుంటే నేనే తెంపి కట్టాను దానికి."

"పద రా."

"ఇది దాని గది తాళంచెవి."

"అదే."

"కవర్లో లేదన్నావు. ఆస్పత్రి కౌంటర్లో పిల్లని అన్నేసి మాటలన్నాను నేను. నీ పక్కనే నిలబడి అన్నాను. నువ్వు వింటూనే ఉన్నావు."

"తప్పే. తిరిగొచ్చాక వెళ్ళి ఆ పిల్లకి చెప్తాను."

"పద్దెనిమిది రోజుల నుంచీ ఇది జేబులో పెట్టుకుని తిరుగుతున్నావా?"

"ఆఁ."

"మరి ఈ గొడవంతా ఎందుకు బావా? తాళంచెవి చేతిలో ఉండగా ఆ పుల్లలెందుకు నీకు?"

"దీంతో అయితే వెంటనే తెరుచుకుంటుంది రా."