తలుపు తెరుచుకోకముందే వెళ్ళిన జవాబు

అధ్యక్షస్థానంలో ఉన్న మేనేజరు గారికి, ఆయన పక్కన కాస్త ఇబ్బందిగా సర్దుకుంటున్న కంప్యూటరు విభాగం పెద్దకు, లిఫ్టులు బాగుచేసే ఈ కంపెనీలో మూడంతస్తులు మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన అతిథులకు (నవ్వులు), తోటి మెకానిక్కులకు, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మా ఫోనక్కకు నమస్కారాలు. పదో తరగతి గట్టెక్కనివాడి చేతికి మైకిచ్చారు, పాపం మీదే.

ఫోనక్క అంటే ఫిర్యాదుల బల్ల. ఎక్కడ లిఫ్టు ఆగినా మమ్మల్ని తిట్టి పంపడం, పనయ్యాక ఆ ఇంటివాళ్ళకు తనే ఫోన్ చేసి తలుపు తెరుచుకుందా అని అడగడం, వాళ్ళు అవునంటేనే జవాబు రాయడం ఆవిడ పద్ధతి. కాబట్టి మా ఆఫీసులో జవాబు వెళ్ళిందంటే పని పూర్తయినట్టే లెక్క. కంప్యూటరు వాళ్ళు అదే చూసి, జవాబు వెళ్ళగానే ఫిర్యాదు మూసెయ్యమని కొత్త ఏర్పాటుకు నేర్పారు. ఆ జవాబు రాసే పనేమో ఏఐకి అప్పజెప్పారు. అది ఫిర్యాదు అందిన క్షణంలోనే రాసి పంపేస్తుంది. మేం దానికి కొత్తల్లుడని పేరు పెట్టాం. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు. (నవ్వులు) మేనేజరు గారూ నవ్వారు, అందరూ చూశారుగా.

ఇక నవ్వకండి. పోయిన సోమవారం అది మొదలైంది. ఆ మధ్యాహ్నం ఒక్క ఫిర్యాదూ లేదని మేం కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాం. మూసేసిన ఫిర్యాదుకు మా ఫోన్లు మోగవని మాకేం తెలుసు? ఇక ఫోన్లు అవసరం లేదని చెప్పినా అలవాటు చావక అక్క మూసేసిన ఫిర్యాదుల్లో ఒక నంబరుకు చేసింది. విన్నంతసేపూ నిలబడే ఉంది. తర్వాత నా వైపు తిరిగి, "పరిగెత్తరా, ఆయన ఇంకా లిఫ్టు లోపలే ఉన్నాడు" అంది.

నేను తలుపు తెరిచేసరికి ఉబ్బసం ఉన్న పెద్దాయన నేలమీద చతికిలబడి, చొక్కా గుండీలు తీసేసుకుని ఉన్నారు. మందు ఇంట్లో ఉండిపోయింది. నీళ్ళు తాగి, ఫోను నా చేతిలో పెట్టి, "బాగుచేసేశామని రాశారు కదా నాయనా, తెరుచుకుంటుందని కూర్చున్నాను" అన్నారు. చూశాను. సమస్య పరిష్కారమైనందుకు ఆనందిస్తున్నామట. మా పనికి ఎన్ని నక్షత్రాలిస్తారట. ఎవరినైనా ఆటపట్టించే నోరు నాది. ఆ పూట ఆ నోటితోనే ఆయనకు క్షమాపణ చెప్పి, ఇంట్లోంచి మందు తెచ్చిచ్చాను.

దాని భాష బాగుంది సార్, నాకంటే మర్యాద ఎక్కువ. కానీ మధ్యలో అడిగే మనిషి లేడు. అక్క ఇవాళ వెళ్ళిపోతోంది. రేపు ఎవరడుగుతారు? తలూపితే చాలదు సార్, ఇదిగో మైకు.

(మేనేజరు గారు లేచి, ఇకమీదట లోపలున్న మనిషి బయటికొచ్చానని చెప్పేదాకా జవాబు వెళ్ళదని, అడిగే కుర్చీలో మనిషే ఉంటారని చెప్పారు.)

అందరూ విన్నారు, సార్‌కు కృతజ్ఞతలు, ఓపిగ్గా కూర్చున్న మీకూ కృతజ్ఞతలు. అక్కా, విన్నావుగా? ఇక ధైర్యంగా ఇంటికి వెళ్ళు. సెలవు.