బోడగుట్ట దిక్కు

బూర్గంపాడు సభ ముగియగానే జెడ్పీటీసీ అభ్యర్థి జంపయ్య, మెడలో దండ కూడా తీయకుండా అక్క ఎర్రమ్మ ఇంటికి వచ్చాడు. కూర్చో అని ఆమె అనలేదు. అననందుకు అతనికి ఆశ్చర్యమూ కలగలేదు.

“నీళ్ళన్న ఇయ్యవా అక్కా?”

“కుండ గాడనే ఉన్నది, ముంచుకో.”

“కోపమా?”

“కోపం గాదు, సిగ్గు. ఏడూర్లు తిప్పితివి నన్ను. మొండికాలు చూపియ్యమంటివి, చూపిచ్చిన. ‘ఇగో, మా అక్క ఇప్పపువ్వు ఏరబోతే కాలు పోయింది. అడివిల మందుపాతర ఎవలు పెట్టినా తప్పే, తీసెయ్యాలె’ అంటివి. ఇయ్యాల మైకు ముందట ఏమన్నవు?”

“టైం లేకుండె అక్కా. జల్దీ కానియ్యమన్నరు.”

“సెల్ టవర్‌కు టైం ఉండె. బోరుకు టైం ఉండె...”

“మందుపాతరలు తీపిచ్చుడు జెడ్పీటీసీ పనా? అది ఢిల్లీల తేలాలె.”

“తియ్యమంటినా నిన్ను? వద్దు అనమన్న. నోటితోని.”

“బసవపున్నయ్య అన్నడా మరి? ఆయనా పోటీకి నిలబడ్డడు గద!”

“అనలే. వాకిట్లకొచ్చి, ‘గా ముచ్చట నేనెత్తనమ్మా, నాకు పానం తీపి’ అని మొహం మీదనే చెప్పి పోయిండు. ఆయన పరాయోడు. నిన్ను నేను సంకల ఎత్తుకొని పెంచిన.”

“అక్కా...”

“కాయితం ఏది?”

“ఏ కాయితం?”

“మందుపాతరలు వద్దని మూడూర్లోళ్ళు ఏలిముద్రలేసిన కాయితం. సభల చదువుత అంటివి.”

“ఉన్నది. బండిల ఉన్నది.”

“తీస్కరా.”

“...బండిల లేదు.”

“చింపినవా?”

“ఇచ్చిన.”

“ఎవలికి? అడివిలున్నోళ్ళకా?”

“అడుగకు అక్కా. గా ముచ్చట ఎత్తకుంటే నా ప్రచారానికి అడ్డురామన్నరు. ఎత్తితె, బండి ఏ తోవల పోయినా గ్యారంటీ లేదన్నరు. నాకు పిల్లలున్నరు.”

“నాకు లేరా?”

“ఉన్నరనే వచ్చిన. రేపే గద తునికాకు కోత?”

“అవ్. పొద్దుగాలనే పోతరు.”

“దుర్గను పంపకు.”

“బిడ్డ ఆకు కొయ్యకుంటే ఇంట్ల బువ్వెట్ల?”

“పంపితె పంపు. వాగు కాడనే కొయ్యమను. బోడగుట్ట దిక్కు మాత్రం పోనియ్యకు.”

“గాడనే ఆకు మంచిగున్నది. ఊరంత గాడికే పోతున్నది.”

“పోనియ్యి ఊరిని. నువ్వు నీ బిడ్డను ఆపుకో. మేనమామను, ఆ మాత్రం చెప్పొద్దా?”

“తమ్మీ, ఇటు చూడు. గాడ మందుపాతరలున్నయని నీకెట్ల ఎరుక?”

జంపయ్య మెడలో దండ తీసి పక్కన పెట్టాడు.

“అడ్డురామన్నోళ్ళే చెప్పిన్రా? ఏ తోవల నడవాల్నో, ఏ తోవల నడువొద్దో?”

“మెల్లగ, అక్కా.”

“ఎన్ని దినాలాయె?”

“పది.”

“పది దినాల సంది ఎరుకుండి, ఇంటింటికి తిరిగి ఓట్లడిగినవు! మంగ్లి చెయ్యి పట్టుకొని ‘అవ్వా’ అన్నవు. బిచ్యా మనుమన్ని ముద్దువెట్టుకున్నవు. వాళ్ళు రేపు యాడికి పోతరో ఎరుకుండే ముద్దువెట్టుకున్నవా?”

“చెప్తే నన్ను సంపుతరు!”

“మరి నాకెందుకు చెప్పినవు?”

“దుర్గ నా రక్తం గద.”

“అవ్. తక్కినోళ్ళ ఒంట్ల నీళ్ళున్నయి.”

“కాళ్ళు మొక్కుత అక్కా. ఎవలికి చెప్పకు.”

“కాళ్ళు యాడియిరా? ఒక్కటే ఉన్నది.”

“అక్కా, గట్టిగ అరువకు. అక్కా!”

“ఓ దుర్గా! బయటికి రా బిడ్డా. ఊరందర్ని పిలువు. రేపు బోడగుట్టకు మీ మామ ముందు నడుస్తడట, మనం ఆయన అడుగులల్ల అడుగేసుకుంట ఎనుక పోదాం.”