హొసూరు బస్సు గాల్లో లేచిన ఆయుధపూజ

"చందాపురా, అత్తిబెలె, హొసూరూ..."

బెంగళూరు కలాసిపాళ్యం బస్సుల దగ్గర కండక్టరు వేసిన కేక మా వీధి చివరిదాకా వినపడింది. అప్పుడు నేను నా లేతు అంగడిలో గుమ్మడికాయకు కుంకుమ పూస్తున్నాను. ఆయుధపూజ కదా, ఇనుము తిప్పి కోసే లేతు మిషనుకు అరటి పిలకలు కట్టి, సుత్తులు, ఆకురాళ్ళు, స్పానర్లు అన్నీ పీట మీద పేర్చి పూజ చేసేశాం. కేక విని తలెత్తి చూస్తే ఏముంది, నా దగ్గర పని నేర్చుకునే చిక్కమునియప్ప గుడ్డల మూట చంకన పెట్టుకుని వీధి వెంబడి పోతున్నాడు.

"ఒరే చిక్కమునీ, యాడికిరా?"

"ఊరికి మామా. చందాపురకు."

"పండగ పూట తినకుండానా?"

"ఈ పూట మీరు పెడతారు. రేపు ఎవరు పెడతారు మామా?" అన్నాడు, ఆగకుండానే.

ఇక్కడ సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధం నడుస్తోంది. బియ్యానికి రేషను. మొదటి ఏడు పని నేర్చుకునేవాడికి కూలి ఇచ్చే ఆచారం మా పేటలో ఏ అంగట్లోనూ లేదు, తిండీ పడకా మేస్త్రి చూసుకోవాల్సిందే. నా ఇంట్లో అప్పటికే ఇద్దరు అట్లా తింటున్నారు, నా భార్య సావిత్రమ్మ గంజిలో నీళ్ళు కలిపి కలిపి సాగదీస్తోంది. అది చూసి చిక్కముని ఊరి నుంచి రాగిపిండి తెచ్చుకుని తానే సంగటి కెలుక్కునేవాడు. ఆ ఏడు వానల్లేక ఆ పిండి రావడం ఆగిపోయింది. వాడికి చెయ్యి బాగా కుదిరింది, ఇనుము వాడి మాట వింటుంది, ఇంకొక్క ఏడు కడుపు నిండితే మేస్త్రీ అవుతాడు. అందుకని వీధిలో అడిగాను, చదువుకునే పిల్లలకు పెట్టినట్టు వీడికీ వారాలు పెట్టండప్పా, వారానికి ఒక్క రోజు ఒక్కో ఇల్లు, మిగతా రోజులు నేను చూసుకుంటా అని. అందరూ నేల చూశారు. ఆ నేలచూపులు వాడు చూశాడు. అదీ జరిగింది.

వాడు పోతే పేటకు ఒక చెయ్యి పోతుంది. పోనివ్వకూడదు అనుకున్నాను, అంతే.

బస్సు ఇప్పట్లో కదలదని నాకు తెలుసు. పెట్రోలు దొరక్క అప్పుడు బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. వెనక తగిలించిన పీపాలో బొగ్గు రాజుకునేదాకా ఒక మనిషి నిలబడి తిత్తి తిప్పుతూ ఉండాల్సిందే. ఆ సందు చాలు నా నోటికి.

వాణ్ణి రెట్ట పట్టుకుని తీసుకుపోయి ఓబళప్ప టీ అంగడి అరుగు మీద కూర్చోబెట్టాను. ఓబళప్ప టీ వడగడుతున్నాడు. గానుగ రామాంజినప్ప గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. మెట్టు మీద పాపక్క ఉంది, ఆమె పుట్టిందీ మెట్టిందీ ఈ వీధిలోనే, మాకందరికీ పెద్ద దిక్కు. ముగ్గురూ నేల చూసినవాళ్ళే.

"పోయేవాడివి పో. ఒక్క మాట విని పో" అన్నాను. "నేను నీ మాదిరి ఆవులప్ప మేస్త్రి దగ్గర పని నేర్చుకునేటప్పుడు, ఇట్లాంటి ఆయుధపూజ పొద్దే, ఏం చేసినానో తెలుసునా?"

"ఎత్తుకున్నాడప్పా" అన్నాడు ఓబళప్ప.

"చిన్న పనేలే, చెప్పుకునేంతది కాదు. పూజ అయ్యిందో లేదో, హొసూరు బస్సు ఇరుసు విరిగిందని డ్రైవరు పరిగెత్తుకుంటా వచ్చినాడు. జనం ఎక్కి కూర్చుని ఉండారు, అందులో ఒక బాలింత కూడా ఉండాది. మా మేస్త్రి కుదరదనేసినాడు. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాడు పొద్దున దాకా ముట్టకూడదు, ముడితే ఏడాదంతా చేతికి దెబ్బలే. అవునా కాదా పాపక్కా?"

"అది నిజమే" అంది పాపక్క.

"మళ్ళ పనిముట్టు ముట్టకుండా నట్లు విప్పేదెట్లా? నాకు రెండు వేళ్ళు ఉండాయి గదా, పట్టుకుని తిప్పినా. ఊరగాయ జాడీ మూత వచ్చినట్టు వచ్చినాయి."

"స్పానరుకే ఒక పట్టాన రానివి, వేళ్ళకు వచ్చినాయా?" అన్నాడు రామాంజినప్ప.

"స్పానరుకు రోషం ఉండాదా రామాంజినప్పా? వేళ్ళకు ఉండాది. సరే, విరిగింది తీసి అవతల పారేసినా. కొత్త ఇరుసు కావల్ల. లేతేమో అరటి పిలకలు కట్టుకుని పెండ్లికూతురి మాదిరి కూర్చుని ఉండాది, దాన్ని ముట్టకూడదు. అప్పుడు చూసినా, మీ నాయన గానుగ ఎద్దు ఊరికే నిలబడి నెమరేస్తా ఉండాది."

"మా గానుగకూ ఆ పొద్దు పూజే గదప్పా."

"గానుగకు పూజ. ఎద్దుకేం పూజ? దాని పండగ సంక్రాంతికి. ఆ పొద్దు అది ఖాళీ."

చిక్కముని పెదవి మూల కొంచెం కదిలింది. మూట మాత్రం ఒళ్ళోనే ఉంది.

"ఇనుప కడ్డీని రెండు బండల నడుమ బిగించి, దానికి పగ్గం చుట్టి, పగ్గం కొస ఎద్దు మెడకు కట్టి అదిలించినా. ఎద్దు పరిగెత్తె, కడ్డీ బొంగరం మాదిరి తిరిగె, చూసుకో, లేతు తయారు. ఇంక కోసేదానికి ఉలి కావల్ల, ఉలీ పూజలోనే ఉండాది, ఏం చేద్దును, కాలు చాపి మడమ ఆనించినా. అప్పటి నా మడమ పగుళ్ళు మీరు చూడలే. ఆకురాయి నా కాలు చూసి సిగ్గుతో మూలకు పోయేది. గీకి గీకి ఇరుసును అద్దం మాదిరి నున్నగా తెచ్చినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"కాలు కాలింటాది" అన్నాడు ఓబళప్ప.

"నిప్పురవ్వలు లేచినాయి. ఎంత ఎత్తు లేచినాయంటే, మైసూరులో దసరాకు చేరిన జనమంతా ఇటు తిరిగి నిలబడినారు. జనం తిరిగితే పోనీ, ఏనుగులు కూడా తిరిగినాయి. వాటి మొగాలు మళ్ళ అటు తిప్పేదానికి మావటీలకు ముచ్చెమటలు పోసినాయి."

"పట్టపగలు గదప్పా నువ్వు చెప్పేది. పగలు నిప్పురవ్వలు మైసూరుకు కనపడినాయా?" అన్నాడు రామాంజినప్ప.

"పగలే కనపడినాయంటే ఎంత వెలుగో నువ్వే లెక్కేసుకో."

బస్సుల దగ్గర నుంచి మళ్ళీ కేక, "చందాపురా, అత్తిబెలె..." చిక్కముని లేవబోయాడు. భుజం మీద చెయ్యి వేసి అదిమాను. బస్సు వెనక పొగ ఇంకా తెల్లగానే ఉంది, బొగ్గు అంటుకోలేదు. నేను ఆపలేదు.

"ఇరుసు బిగించి డ్రైవరుకు చెప్పినా, నాయనా, ఇది నా చేతి ఇరుసు, మెల్లిగా పో అని. విన్నాడా? తొక్కినాడు. మడివాళ దగ్గర హారను కొట్టినాడు, ఆ హారను చందాపుర చేరేలోగా బస్సు అత్తిబెలె దాటిపాయె. చందాపుర జనం హారను విని, బస్సు వస్తా ఉండాదని చెయ్యి చాపి నిలబడినారు. బస్సు రాలే. ఎట్లా వస్తుంది, అది అప్పుడే పాయె గదా. ఇప్పటికీ కొందరు చెయ్యి దించలేదంటారు. ఏమిరా చిక్కమునీ, మీ ఊరే గదా, అవునా కాదా?"

"మా తాత నిలబడుకోనుండె మామా" అన్నాడు వాడు, నవ్వు బిగబట్టుకుని.

"విన్నారా, సాక్షి. ఇంక హొసూరు దగ్గర చక్రాలకు నేల చాలలే. బస్సు గాల్లో లేచింది. చింత చెట్ల మీద, కొండ మీద, అన్నిటి మీదా పోతా ఉండాది. బాలింత కిటికీలోంచి చెయ్యి పెట్టి మబ్బును పట్టుకుని పిండి బిడ్డకు నీళ్ళు పోసింది. కండక్టరు మంచోడు, ధర్మం తప్పని మనిషి, పైన కూర్చున్న గద్దలను కూడా టికెట్టు అడిగినాడు. ఇప్పుడు ఊరి బయట విమానాల ఫ్యాక్టరీ పెట్టినారే, దానికన్నా ముందే మన బెంగళూరులో విమానం లేచింది. ఎవరి చేతి ఇరుసు మీద లేచింది? పని నేర్చుకునే పిల్లోడి చేతి ఇరుసు మీద. అట్లాంటి పిల్లోణ్ణి మీరు ఒక సంగటి ముద్దకు వెనకాడి ఊరికి తోలేస్తా ఉండారు."

ఆ చివరి మాట దెబ్బ సరిగ్గా తగిలిందని నాకు తెలిసింది. ఓబళప్ప చేతిలో గుడ్డ ఆగింది. రామాంజినప్ప గ్లాసులోకి చూసుకుంటున్నాడు. అప్పుడు పాపక్క గొంతు సవరించుకుంది.

"ఆ పొద్దు నువ్వు మా ఇంట్లో ఉండావు గదరా మునినారాయణా."

"ఏ పొద్దు అక్కా?"

"ఆ ఆయుధపూజ పొద్దే. పండగ బుధవారం వచ్చె. బుధవారం నీ వారం మా ఇంట్లో. మా అమ్మ బెల్లం పూర్ణం ఓళిగలు పెడితే, నువ్వు ఇంకా ఇంకా అంటివి. నడుము వంగక నడవలో వెల్లకిలా పడి మూలుగుతా ఉంటివి. నీ కడుపుబ్బరానికి ఓమనీళ్ళు తాపింది నేనే. బస్సు ఇరుసు విరిగిందని నీ మేస్త్రి మనిషిని పంపిస్తే, నువ్వు కన్ను కూడా తెరవలే. మర్నాడు పనిముట్లు దించినాక మేస్త్రే బాగుచేసినాడు."

ఇంక చెప్పాలా? అరుగు ఊడిపోయేట్టు నవ్వారు. "మా ఎద్దు బతికిపాయె" అని రామాంజినప్ప తొడ కొట్టుకున్నాడు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేయను.

చిక్కముని ఒక్కడే నవ్వలేదు. నన్నే చూస్తున్నాడు.

"నువ్వూ వారాలు తిన్నావా మామా?"

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. విరిగిన ఇరుసుల సంగతులు అడక్కుండానే చెబుతాను గానీ, ఇంటింటా ఆకు ముందు కూర్చున్న సంగతి ఎందుకు చెబుతాను? ఇప్పుడు పాపక్క చెప్పేసింది. సరే, గాలి పోయిన బస్సును తోసుకుంటూ అయినా ఊరు చేర్చాలి కదా.

"పాపక్కా, బుధవారం మీ ఇంట్లో. మళ్ళ గురువారం యాడ తింటిని?"

పాపక్క ఓబళప్ప వైపు చూసింది. "వీళ్ళ నాయన పెట్టేవాడు, ఈ అంగట్లోనే."

"శుక్రవారం?"

"మా ఇంట్లో" అన్నాడు రామాంజినప్ప, పాపక్క నోరు తెరవక ముందే. "మా అమ్మ నీ సంగటి మీద నువ్వులపొడి వేసేది. నా పాలు తగ్గిపోతుందని నేను ఏడ్చేవాణ్ణి."

"బస్సు ఎగిరింది కోత. మడమతో గీకింది కోత. ఈ తిండి మాత్రం కోత కాదు గదా" అన్నాను. "రామాంజినప్పా, మీ గానుగ ఇరుసు పోతే యాడికి వస్తావు? ఓబళప్పా, నీ టీ బాయిలరు కుళాయి ఊడితే ఎవర్ని పిలుస్తావు? అప్పుడు తిన్నోడే ఇప్పుడు చేస్తా ఉండాడు. నా చెయ్యి వణికేనాటికి ఎవర్ని పిలుస్తారు?"

"రేషను మునినారాయణా" అన్నాడు ఓబళప్ప. "కార్డులో ఇంటి తలలే లెక్క. ఇంకో తలకు బియ్యం యాడ తెచ్చేది?"

అది నిజమైన కష్టం. దానికి కోతతో జవాబు చెప్పలేం.

"బియ్యం ఎవరు అడిగినారప్పా? నువ్వు తినే సంగటిలోనే ఒక ముద్ద."

ఓబళప్ప టీ గుడ్డ పిండసాగాడు. మాట్లాడింది చిక్కముని. "వద్దు మామా. మేమేమి అడుక్కుతినేవాళ్ళమా? ఒకరి ఇంట్లో ఆకు ముందర కూర్చుంటే నాకు ముద్ద దిగదు."

"ఏమిరా, మీ మేస్త్రికి దిగలేదా?" అంది పాపక్క. "దిగి దిగి ఓమనీళ్ళ దాకా పాయె. మా అమ్మ వీణ్ణి తిట్టుకుంటానే పెట్టేది, కానీ బుధవారం వీడు రావడం ఆలస్యమైతే గడపలోకి వచ్చి చూసేది. సిగ్గుపడి తినేవాడికి పెడితే మా గొంతులో అడ్డం పడుతుందిరా. బుధవారం మా ఇంటికి రా. సంగటీ, ఉలవచారూ. చారులో ఉప్పు లేకుంటే మొగం మీదే చెప్పు."

"శుక్రవారం నాది" అన్నాడు రామాంజినప్ప. "ఈ తడవ ఏడ్చేది నా కొడుకు. ఏడవనీ."

అప్పుడే బస్సు పీపాలో బొగ్గు అంటుకుంది. బస్సు రెండుసార్లు దగ్గి గర్జించింది. కండక్టరు చివరి కేక వేశాడు. నేను చిక్కముని భుజం మీద నుంచి చెయ్యి తీసేశాను. బలవంతంగా పట్టి ఉంచిన చెయ్యి లేతు ముందు నిలవదు, వాడే నిలవాలి. వాడు బస్సు వైపు చూశాడు, మా వైపు చూశాడు, మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. బస్సు పొగ వదులుతూ మలుపు తిరిగిపోయింది.

"పాయె" అన్నాడు చిక్కముని.

"నేల మీదనే పాయె" అన్నాడు ఓబళప్ప, నన్ను చూసి.

ఇంతలో సావిత్రమ్మ వచ్చి టీ అంగడి ముందు నిలబడింది. "ఆకులు వేసి ఎంతసేపాయె? మీ మాటలు కడుపు నింపుతాయా? పాపక్కా, నువ్వూ రా. రామాంజినన్నా, ఓబళన్నా, లేయండి. బెల్లం చాలలే, ఓళిగలు తలా ఒకటే, ఎవరూ ఇంకోటి అడిగేది లేదు" అంది. చివరి మాట నన్ను చూసే అంది, ఈ ఓళిగల సంగతి ఆమెకూ తెలుసేమో మరి.

లేతు ముందర నేల మీద వరసగా ఆకులు. నా దగ్గరున్న మిగతా ఇద్దరు పిల్లలూ అప్పటికే చేతులు కడుక్కున్నారు. చిక్కముని మూట మూలన పెట్టి, నీళ్ళ చెంబు అందుకుని వడ్డన చూడబోయాడు. పాపక్క వాడి చొక్కా పట్టి కిందికి లాగింది. వాడు ఓబళప్ప పక్క ఆకు ముందు కూర్చున్నాడు, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, తక్కువ చోటు పట్టేటట్టు.

ఓబళప్ప చాలాసేపు ఎటూ చూడకుండా తిన్నాడు. తర్వాత తన ఓళిగను రెండుగా తుంచి, ఒక ముక్క వాడి ఆకులో వేశాడు.

"గురువారం మా అంగట్లో. ఇడ్లీలు అడగొద్దు, అవి అమ్మేదానికి. సంగటే."

చిక్కముని తల ఊపాడు. ముద్ద కలిపాడు, తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. మేమెవరమూ వాడి వైపు చూడలేదు, అందరం మా ఆకుల్లోకే చూసుకుంటున్నాం. వాడు మోకాళ్ళు సర్దుకుని బాసిపట్లు వేసుకున్నాడు.

"అత్తా, ఇంకొంచెం చారు" అన్నాడు.

సావిత్రమ్మ వాడికి పోసి, గిన్నె నడుమ పెట్టేసి, తనూ ఒక ఆకు వేసుకుని మాతోపాటు కూర్చుంది.