మెరుగులు దిద్దని ఫోటో

హలో… ఆ, నేనే, వదినని. బుల్లీ, ఇంట్లోనే ఉన్నావా?… అమ్మయ్య. అత్తయ్య ఎక్కడున్నారు?… సరే, పడుకోనీ. ఆ గది తలుపు దగ్గరికి వేసి నువ్వు హాల్లోకి రా. గట్టిగా మాట్లాడకు.

లేదు, ఆఫీసులో లేను. ఆసుపత్రిలో ఉన్నాను… నాకు కాదు. మీ అన్నయ్యకి.

అరవకు! అరవకు తల్లీ, ఆవిడ లేస్తారు… ఉన్నారు, తెలివిలోనే ఉన్నారు, నన్ను కసురుతున్నారు కూడా. పొద్దున తలనొప్పి అన్నారు చూడు… ఆ, అదే. ఆఫీసులో కూర్చున్నచోటే వాంతి చేసుకున్నారట. పక్కసీటు ఆయన కారులో వేసుకుని తీసుకొచ్చాడు.

… అదే చెబుతున్నాను, ఉండు. డాక్టరమ్మ టార్చి వేసి కళ్ళలోకి చూసింది. చూసి, మళ్ళీ చూసింది. కంటిపాప ఉంటుంది కదా, నడిమధ్య నల్లచుక్క… అది కుడి కంట్లో పెద్దగా, ఎడమ కంట్లో చిన్నగా ఉందట.

నాకేం తెలుసు! పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను, ఆయన కళ్ళు ఎప్పుడైనా కొలిచానా? “ఇది ఇవాళే వచ్చిందా, ముందునుంచీ ఉందా అమ్మా” అని అడిగితే ఇంట్లో కనుక్కుని చెబుతానన్నాను.

… ఇవాళే వచ్చిందంటే— ఇవాళే వచ్చిందంటే తలలో రక్తనాళం ఉబ్బి, కంటి నరాన్ని నొక్కుతోందేమో అంది. అది గనక పగిలితే… ఆ మాట నాతో అనిపించకు, బుల్లీ. పాతదైతే మాత్రం భయం లేదట. కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుందట. స్కాన్ ఎలాగూ తీస్తారు. లోపల ఇంకొకరు ఉన్నారు, మన వంతు రావాలి. ఈలోగా కళ్ళు బాగా కనబడే పాత ఫోటో ఉంటే చూపించమంది.

నా ఫోన్లోవా? అన్నీ వెతికాను. నల్లకళ్ళజోడు పెట్టుకున్నవి, లేకపోతే ఎండకి చికిలించినవి. నోరు తెరుచుకుని నిద్రపోతుంటే తీసినవి నాలుగున్నాయి, నవ్వుకోడానికి తీశాను. నా నవ్వు మండిపోను.

అందుకే నీకు చేశాను. నువ్వు ఉద్యోగంలో చేరిన ఏడాది, ఎనిమిదేళ్ళ కిందట, మనమంతా స్టూడియోకి వెళ్ళి తీయించుకున్నది గోడమీద ఉంది కదా, దాన్ని దించు… ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది! స్టూలు వేసుకో. ఇంకొకరిని కూడా ఇక్కడ పడుకోబెట్టి చూడలేను.

దించావా? కిటికీ దగ్గరికి తీసుకెళ్ళు. మీ అన్నయ్యవి పిల్లికళ్ళు కాబట్టి తెలుస్తుంది, మనకైతే అంతా ఒకటే నలుపు. గడియారం ఎడమచేతికి ఉంది కదా, ఆ వైపుది ఎడమ కన్ను. రెండోది కుడి… చూడు.

… చూశావా?… ఎలా ఉన్నాయి?

సమానంగానా?

సరిగ్గా చూడు. అత్తయ్య భూతద్దం టీవీ పక్కన ఉంటుంది, పెట్టి చూడు… చూశావా?… రెండూ ఒకటే?… 

లేదు, ఏడవడం లేదు. అయితే ఇవాళ వచ్చిందే, బుల్లీ. నేనే వెళ్ళి ఆ డాక్టరమ్మకి ఈ మాట చెప్పాలా?

ఏమన్నావు?… నీ పళ్ళా? ఈ సమయంలో నీ పళ్ళ గోలేమిటే!… ఎత్తుగా లేవా? ఫోటోలో?… ఆగు. ఆగాగు. నా గడ్డం చూడు. పుట్టుమచ్చ ఉందా?

… నున్నగా ఉంది కదూ! నేనే, బుల్లీ, నేనే చెప్పాను ఆ స్టూడియో అతనికి, మా అందరినీ కాస్త బాగుచెయ్యి బాబూ అని. నా మచ్చ తుడిచేశాడు, నీ పళ్ళు లోపలికి తోశాడు, అత్తయ్య జుట్టు నల్లగా చేశాడు. అంత పనిమంతుడు కళ్ళని వదిలిపెడతాడా? ఒక కన్ను తీసి రెండోచోట అతికించి ఉంటాడు… ఏమో, నాకూ తెలియదు. ఆ ఫోటోని మాత్రం నమ్మలేం. దిద్దనిది కావాలి.

… ఆ, అదే. నాకూ అదే గుర్తొచ్చింది. దొరగారితో తీయించుకున్నది.

ఆ రోజే కదా! “నాకూ నా కుక్కకీ విడిగా ఒకటి తియ్యి” అని కూర్చున్నారు. “దొర చెవికున్న చిరుగు చిరుగులాగే ఉండాలి, మా ఇద్దరిమీదా చెయ్యి పెట్టావంటే ఊరుకోను” అని ఆ స్టూడియో అతనితో దెబ్బలాట. పెళ్ళాం పక్కన కొయ్యలా నించున్న మనిషి, కుక్కతో చెంపకి చెంప ఆనించి ఎంత నవ్వో.

ఎక్కడుందంటే… నన్ను తిట్టకు, బుల్లీ. దొర పోయాక హాల్లోంచి తీసేసింది నేనే. వచ్చినవాళ్ళంతా “ఈ ఇంటి యజమాని ఈయనేనా” అని వేళాకోళం చేస్తుంటే ఒళ్ళు మండి అటకమీద పడేశాను, పాత ఫ్యాను పక్కన. మీ అన్నయ్య అడిగితే ఫ్రేము మార్పిస్తున్నానన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు… మొన్న అటక దులిపి, పాత సామానంతా సంచుల్లో కుక్కి పారేయడానికి అవతల పెట్టేశాను చూడు. అందులో అది కూడా వేశానో లేదో. చూసుకోలేదు, బుల్లీ.

అటక ఎక్కు, తొందరగా… ఫ్యాను ఉందా? పక్కన?… ఇంకా వెనక్కి చెయ్యి పెట్టు…

ఆ, వస్తున్నానండీ! ఇక్కడే ఉన్నాను! బుల్లితో… ఏం లేదు, గ్యాసు బండ గురించి!

… పిలుస్తున్నారు. వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందట, దీపం ఆర్పమంటున్నారు… ఏమీ లేదా? గోడదాకా చూశావా?

నా చేతులతో నేనే పారేశాను.

… ఎవరది? అత్తయ్య లేచారా? ఆవిడకేమీ చెప్పకు… చెప్పేశావా!… సరే, ఇవ్వు.

అత్తయ్యా, ఏం కాలేదు, మీ అబ్బాయి బాగానే… మీరు ముందు కూర్చోండి. ఆ దొర ఫోటో ఒకటి ఉండేది, దానికోసం… ఏమిటి?… మీ బీరువాలోనా?

దుప్పట్ల మధ్యన… ఎప్పుడు తీశారు?… నేను కట్టిన సంచీ విప్పి? నన్ను ఒక్కమాట అనలేదేం అత్తయ్యా?… అనండి, ఎంతైనా అనండి, ఇంటికొచ్చాక నించుని పడతాను. ముందు దాన్ని బుల్లికివ్వండి.

బుల్లీ, ముందు దొర చెవి చూడు. చిరుగు ఉందా?… మీ అన్నయ్య ఆ పొద్దున గడ్డం గీసుకుంటూ కోసుకున్న గాటు?… ఉంది. అయితే ఏదీ దిద్దలేదు. ఇప్పుడు కళ్ళు… చెప్పకు! ఒక్క క్షణం. గోడకి ఆనుకోనీ.

… ఆ, చెప్పు.

… ఒకటి పెద్దగా ఉందా? ఏ కన్ను?… గడియారం ఎటుంది?… గడియారం లేని వైపుది. కుడి… నన్ను ఊరుకోబెట్టడానికి అనడం లేదు కదా? ఒట్టు?… అత్తయ్యని చూడమను. “నా కొడుకు కళ్ళకేం” అంటారు, నాకు తెలుసు, అయినా భూతద్దం ఇచ్చి చూడమను… ఆవిడా అదే అంటున్నారా?

ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఆ కన్ను అలాగే నన్ను చూస్తోంది, బుల్లీ.

ఫోన్లో తీసి పంపు. మొత్తం ఒకటి, కళ్ళు దగ్గరగా ఒకటి… అద్దం మెరుస్తుంటే ఫ్రేము విప్పెయ్యి… ఇంకా అయిపోలేదు. తలనొప్పి ఎందుకో తేలాలి కదా, స్కాన్ అవ్వాలి… 

వచ్చింది. అబ్బ, దొర ఎంత దర్జాగా కూర్చున్నాడే.

ఉండు, డాక్టరమ్మ బయటికొచ్చింది. అమ్మా! అమ్మా, ఒక్క నిమిషం, ఫోటో దొరికింది. ఎనిమిదేళ్ళ కిందటిదండీ… ఆ, అది కుక్కండి. ఈ పక్కన మావారు… ఈ కన్ను. పెద్దది చేసి చూడండి…

… బుల్లీ, ఉన్నావా? పాతదేనంది. తలనొప్పి సంగతి స్కాన్‌లో చూస్తారట, కానీ కన్ను మాత్రం పాతదేనంది… అత్తయ్యకి చెప్పు. నీళ్ళివ్వు ఆవిడకి. నువ్వూ తాగు.

స్ట్రెచర్ వచ్చింది, లోపలికి తీసుకెళుతున్నారు… ఏమండీ?… ఏ ఫోటో ఏమిటి, మీదే! దొరతో ఉన్నది!… హాల్లోనే ఉంది, ఎక్కడికి పోతుంది!

… విన్నావా, బుల్లీ? ఆ మేకు ఇంకా గోడకే ఉంది. మేము వచ్చేలోగా… ఉంటాను, పెట్టేస్తున్నాను.