పసుపు నీళ్లు తాగిన జనరేటర్

షామీర్‌పేట షెడ్డులో మెకానిక్ తాత గోల్ఫ్ బండి స్టార్టర్ జనరేటర్‌ను ముందేసుకున్నాడు. రిసార్టులో ఆ బండి నడిపే సాలమ్మ ఎదురుగా కూర్చుంది.

"నా చెయ్యి వడ్డంక లేవని మోటరు లేదు బిడ్డా. చెరువుల నెల రోజులు మునిగినదాన్ని విప్పితే లోపల చేప ఉండె. ఆ మోటరును గూడ నడిపిచ్చిన."

"జల్దీ విప్పు తాతా. రేపు బండి నడవకుంటే మల్ల గడ్డి పీకనీకి పంపుతరట. ఆరేండ్లు పీకితే దొరికిన స్టీరింగు."

మూత ఊడింది. కార్బన్ బ్రష్‌లు అతుక్కుపోయాయి, రాగి చుట్టలు నల్లగా మాడాయి.

"గీ పచ్చటి బురద ఏంది?"

"పసుపు. దసరాకు పూజ జేసిన."

"బండికి బొట్టు వెడతరు గని, లోపలికి నీళ్లు పోస్తరా?"

"గాలి సందులు కనవడ్డయ్. లోపల గూడ సల్లగుండాలని పోసిన."

"మస్తు తానం జేయిచ్చినవ్. చుట్టలన్ని కాలినయ్. గీ పాత బండికి కొత్త జనరేటర్ గూడ దొరకది."

సాలమ్మ తన అరచేతులు చూసుకుంది. గడ్డి పీకి కాచిన కాయలు ఈమధ్యే మెత్తబడ్డాయి.

"చెరువుల మునిగినదాన్నే నడిపిస్తివి గద తాతా!"

తాత నవ్వబోయి మూత పక్కన పెట్టాడు.

"చెరువు నిజమే బిడ్డా, చేప గూడ నిజమే. నడిసిందన్నదే నేను కల్పిచ్చిన."