రెండో గ్లాసు కూడా నేనే తాగుతా

“అవ్వా, తాత జ్ఞాపకార్థ కూడికలో నువ్వు నా యుకులేలే వాయించినావంట గదా? నేను హాస్టల్లో ఉండిపోతిని. మొదట్నించి చెప్పు, ఫోన్లో రికార్డు చేస్తా.”

చేసుకో మే, చేసుకో. నాకేం భయమా? మన చర్చి సంఘపెద్దకి వినిపించినా పరవాలేదు. ఆయన ముందరే గదా వాయించింది.

యాణ్ణించి మొదలుపెట్టేది... ఆ, మీ తాత పోయిన రోజు. వసారాలో కుర్చీలో కూర్చోని వల బాగుచేస్తా చేస్తా అట్టనే తల వాల్చేసినాడు. నేను టీ తెచ్చినా, ఆయనకొక గ్లాసు, నాకొక గ్లాసు. లెయ్యి, చల్లారిపోతాది అంటా ఉండా. లేస్తేనా? సరే. పెట్టెలో పెట్టి తీసకపోయేటప్పుడు నాకు శోకం వచ్చింది. శోకమంటే ఉత్త ఏడుపు కాదు. మా అమ్మ, వాళ్ల పెద్దక్క, కాదు కాదు, చిన్నక్క, చేపలబుట్ట నెత్తిన పెట్టుకోని ఊళ్లు తిరిగేదే, ఆమె. వాళ్లు ఎవురన్నా పోతే రాగం తీసి, మాటలు కట్టి, పోయినోళ్లనే నిలదీసి ఏడ్చేవాళ్లు. నన్నెవురికి అప్పజెప్పి పోతివయ్యా అని. అనిందే మళ్లీ అని, ఆ పైన ఇంకో మాట కలిపి. నాకూ అట్టనే నోటికొచ్చింది. ఒక్క ముక్క అన్నానో లేదో, సంఘపెద్ద యేసురత్నమన్న చెయ్యెత్తినాడు. “వద్దమ్మా, విశ్వాసులు అట్ట ఏడవకూడదు. మీ ఆయన ప్రభువు దగ్గరుండాడు” అని. ఉండనీ! ప్రభువు దగ్గరుంటే నా దగ్గర లేడు గదా? అయినా నోరు మూసుకున్నా. ఆ శోకం ఇదిగో, ఈడ, గొంతులో చేపముల్లు మాదిరిగా ఇరుక్కుపోయింది.

దానికి తోడు చర్చిలో పాటల గుంపులోనించి తీసేసినారు. పెళ్లై ఈ ఊరొచ్చిన కాణ్ణించి పాడతా ఉండేదాన్ని. గొంతు వణకతా ఉండాదంట, కీబోర్డుతో కలవడం లేదంట. వెనక బెంచీలో కూర్చోమన్నారు.

అప్పుడే నీ బుల్లి గిటారు, ఏందీ, యుకులేలే. ముచ్చటపడి కొనుక్కోని, కొన్నాళ్లు టింగుటింగుమనిపించి బీరువా మీద పారేసినావే. దుమ్ము తుడస్తామని తీసినా, మళ్లీ ఆడ పెట్టబుద్ధి కాలా. ఫోన్లో వీడియోలు పెట్టుకోవడం నువ్వే గదా నేర్పించింది. దాంట్లో ఒక ముసిలాయన, నల్లగా, మన రేవులో మనిషి మాదిరే ఉండాడు, కళ్లు మూసుకోని వాయిస్తా పాడతా ఉండాడు. మాట ఒక్కటి అర్థమైతేనా! కానీ అనిందే మళ్లీ అంటాడు. ఆ పైన ఇంకో మాట కలపతాడు. మే, నాకు ఒళ్లు జలదరించింది. ఇది మా అమ్మ శోకం గదా, ఈయనకెవురు నేర్పించినారు అనుకున్నా. నీకు ఫోన్ చేస్తే, “దాన్ని బ్లూస్ అంటారవ్వా” అన్నావు. ఏదో ఒకటి అననీ.

ఇంక పట్టుకున్నా. మీ నాయన నవ్వినాడు, ఈ వయసులో నీకెందుకుమా ఇది అని. ఈ వయసులో గాక ఇంకెప్పుడ్రా అన్నా. తీగల మీద వేళ్లు నొక్కే పట్టులు మూడే, వాటిల్లోనే తిరగతా ఉండాల. వేళ్లు నొప్పా? వలలు కట్టీ కట్టీ నా వేళ్లు ఎప్పుడో కాయలు కాసినాయి. మధ్యలో ఒక తీగ తెగింది. జువ్వలదిన్నెలో ఆ తీగ యాడ దొరకతాది? మీ తాత తంగూసు ఉండ ఉండాదే, గాలాలకి కట్టేది, అది తెంచి వేసినా. నా తెలివి చూడు, గట్టిగా ఉంటాదని పెద్ద వంజరం చేపలకి కట్టే లావుది వేసినా. దబ్బుదబ్బుమనింది, అంతే. తర్వాత సన్నచేపలకి వేసేది వేస్తే అప్పుడు పలికింది. దాన్ని వేలితో పక్కకి నెట్టినావనుకో, స్వరం వంగి ఏడస్తాది. కీబోర్డులో అది లేదు మే. రెండు మెట్ల మధ్యన యాడో ఉంటాది, నా గొంతు వణికే చోట.

ఏడాది కూడిక మనింటి ముందరే, షామియానా కింద. వాక్యం అయినాక ఇంటోళ్లు ఒక పాట పాడడం మామూలే గదా. నేను కొంగు నెత్తిన సర్దుకోని లేచినా. యేసురత్నమన్న పాటలపుస్తకం తిరగేస్తా, “ఎన్నో నంబరమ్మా?” అన్నాడు. “దాంట్లో లేదన్నా” అని మొదలుపెట్టినా.

పొద్దన్నే లేచి రెండు గ్లాసులు టీ పోస్తా ఉండానయ్యా,
పొద్దన్నే లేచి రెండు గ్లాసులు టీ పోస్తా ఉండా,
నువ్వు రాకపోతే పో, రెండోది కూడా నేనే తాగుతా.

అన్న లేచినాడు. “అమ్మా, ఇది లోకసంబంధమైన పాట. ప్రార్థన చేసి ముగిద్దాం” అని చెయ్యెత్తినాడు, ఆ పొద్దు ఎత్తినట్టే. ఇప్పుడు ఆపితే ఇంక సచ్చేదాకా ఆ ముల్లు దిగదు అనిపించింది. “ఇంకో చరణం ఉండాది, కూర్చోన్నా. పోయినోడు నా మొగుడు” అన్నా. వాయిస్తానే ఉండా. రెండోసారి అనే చోట వెనకనించి ఎవురో అందుకున్నారు. చూస్తే పక్కింటి మార్తమ్మ. ఆమె మొగుడు పోయినప్పుడూ ఇట్టనే నోరు మూయించినారులే. ఆ తర్వాత ఆడోళ్లందరూ అందుకున్నారు. వాళ్లకి నేర్పించే పనేముండాది? అన్న ఎత్తిన చెయ్యి దించి కూర్చున్నాడు.

ఏడ్చినా మే. అందరి ముందర, గట్టిగా, రాగం తీసి.

భోజనాల కాడ అన్న దూరంగా పోయి కూర్చున్నాడు. మళ్లీ పాటల గుంపులోకి పిలుస్తారంటావా? పిలవరు. పిలవకపోతే మానె. ఇప్పుడు వెనక బెంచీలోనే బాగుండాది, మార్తమ్మోళ్లంతా ఆడే చేరినారు.

దేవుడు నిన్ను సల్లంగా చూడాల తల్లీ. నీకు ఏడుపే రాకూడదు అననులే, వస్తాది, ఎవురికి రాదు? వచ్చిన్నాడు ఎవురు చెయ్యెత్తినా ఆపబాక.

ఇంక ఆ ఫోను పక్కనబెట్టి లోపలికి పో, టీ పెట్టు. రెండు గ్లాసులు... ఆగు, నువ్వుండావు గదా. మూడు పొయ్యి.